రాజు ముందా? బంటు ముందా?
(ఒక టోర్నమెంటు ఆట చెప్పిన పాఠం)

– వసతి గృహం చదరంగం జట్టు విద్యార్థులు



మన వసతి గృహంలో క్రికెట్ ఆడేవారు ఎందరో, చదరంగం ముందు కూర్చునేవారు కూడా అందరే ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నం వరండాలో బోర్డు పరిస్తే ఆడేవారు ఇద్దరు, సలహాలు చెప్పేవారు పదిమంది. అయితే ఇన్ని ఆటలు ఆడుతున్నా మన ఆట పెద్దగా పెరగడం లేదు. ఎందుకు? ఓడిపోయిన ఆటను అక్కడికక్కడే పావులు కలిపేసి మరచిపోతున్నాము కాబట్టి. గెలిచిన ఆటను మాత్రం రాత్రి భోజనాల దాకా చెప్పుకుంటాము. ఎందుకు గెలిచామో అప్పుడూ చూసుకోము.

ఈ సంచికలో మేము ఒకే ఒక ఆటను మొదటినుంచి చివరిదాకా వివరించదలచుకున్నాము. ఇది విశ్వనాథన్ ఆనంద్ ఆడిన ఆట కాదు. జిల్లా కేంద్రంలో జరిగిన ఒక ఓపెన్ టోర్నమెంటులో మన వసతి గృహం విద్యార్థికీ, ఒక చెస్ క్లబ్బులో ఆడే పెద్దాయనకూ మధ్య జరిగిన మామూలు ఆట. గ్రాండ్‌మాస్టర్ల ఆట చూసి ఆనందించవచ్చు. కాని మనం చేసే తప్పులు అందులో కనిపించవు. మన స్థాయి ఆటలో అయితే మన తప్పులూ, మన మంచి ఎత్తులూ అద్దంలో చూసినట్లు కనిపిస్తాయి. ఆడిన మిత్రుడు "నా పేరు వద్దు, ఆట వేయండి చాలు" అన్నాడు. అందుకే పేరు రాయడం లేదు. దయచేసి బోర్డు ముందు పెట్టుకొని చదవండి.

ముందుగా పేర్లు, గడులు

ఊరూరా పావుల పేర్లు కొంచెం మారతాయి. కనుక ఈ వ్యాసం వరకు ఒక మాట అనుకుందాము. మూలన నిలబడి నేరుగా నడిచేది ఏనుగు. దాని పక్కన గుర్రం. ఆ పక్కన ఐమూలగా నడిచేది శకటు. మధ్యలో మంత్రి, రాజు. ముందు వరుసలో ఎనిమిది బంట్లు.

బలం లెక్క ఇది: బంటు 1, గుర్రం 3, శకటు 3, ఏనుగు 5, మంత్రి 9. రాజుకు వెల లేదు, ఆయన పోతే ఆటే లేదు.

తెల్ల పావులు ఆడేవారి ఎడమ చేతి నుంచి నిలువు వరుసలకు ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అని పేర్లు. అడ్డ వరుసలకు తెల్లవారి వైపు నుంచి 1 నుంచి 8 వరకు అంకెలు. తెల్ల రాజు మొదట నిలబడే గడి ఇ1, నల్ల రాజుది ఇ8. ఈ గడుల పేర్లు నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. ఇవి వస్తే ప్రపంచంలో ఎవరు ఆడిన ఆటనైనా మనం చదువుకోవచ్చు.

టోర్నమెంటు ఆటకూ మన వరండా ఆటకూ తేడా

ఆరవ శతాబ్దం నాటికే మన దేశంలో చతురంగంగా ఆడిన ఈ ఆట పారశీక దేశం మీదుగా అరబ్బులకు, అక్కడినుంచి యూరపుకు చేరింది. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 'ఫిడే' 1924లో ప్యారిస్‌లో పుట్టింది. టోర్నమెంట్లన్నీ దాని నియమాల ప్రకారమే జరుగుతాయి. ముఖ్యమైన తేడాలు నాలుగు.

ఒకటి, ముట్టుకుంటే ఆడాలి. మన వంతు వచ్చినప్పుడు ఏ పావును కావాలని ముట్టుకుంటామో, వీలున్నంతవరకు దాన్నే ఆడాలి. "కాదు కాదు, ఆగు" అనడం అక్కడ చెల్లదు. పావును సరిగ్గా సర్దుకోవాలంటే ముందే ఆ మాట చెప్పి సర్దాలి.

రెండు, గడియారం. ఒకే పెట్టెలో ఇద్దరికీ రెండు గడియారాలు ఉంటాయి. మనం ఎత్తు వేసి మీట నొక్కగానే మనది ఆగి, ఎదుటివారిది నడుస్తుంది. చాలా టోర్నమెంట్లలో ఒక్కొక్కరికి 90 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకూ 30 సెకన్లు అదనం. ఎదుటివారి దగ్గర ఆటకట్టుకు సరిపడే బలం ఉండగా మన సమయం అయిపోతే, బోర్డు మీద మనమే గెలుస్తున్నా ఓడినట్లే.

మూడు, ప్రతి ఎత్తూ రాయాలి. మనదీ, ఎదుటివారిదీ రెండూ రాయాలి. ఈ కాగితాన్ని స్కోరుషీటు అంటారు. ఒకే స్థితి మూడుసార్లు వచ్చిందనో, ఇరువైపులా 50 ఎత్తుల పాటు బంటు కదలలేదు, పావు పోలేదనో డ్రా అడగాలంటే ఈ కాగితమే సాక్ష్యం.

నాలుగు, నియమం తప్పిన ఎత్తుకు శిక్ష. మొదటిసారి తప్పితే ఎదుటివారికి రెండు నిమిషాలు అదనంగా ఇస్తారు. రెండోసారి తప్పితే ఆట పోయినట్లే. సెల్‌ఫోను సంగతి చెప్పనే అక్కరలేదు, ఆట హాలులోకి తేకపోవడమే మంచిది.

ఎవరు ఎవరితో ఆడాలన్నది 'స్విస్ పద్ధతి' నిర్ణయిస్తుంది. 1895లో స్విట్జర్లాండ్‌లోని జూరిచ్ టోర్నమెంటులో మొదట వాడినందువల్ల ఆ పేరు వచ్చింది. ఇందులో ఓడినవారు ఇంటికి పోనక్కరలేదు. ప్రతి రౌండులో సమానమైన పాయింట్లు ఉన్నవారికి, లేదా దగ్గర పాయింట్లు ఉన్నవారికి జత కలుపుతారు. అందువల్ల మొదటి ఆట ఓడినా చివరి ఆట వరకు మనకు తగిన జోడీ దొరుకుతుంది. మనలాంటివారికి ఇది మేలైన పద్ధతి. ఎందుకంటే బస్సు ఛార్జీ, ఎంట్రీ ఫీజు కట్టి వెళ్ళి ఒక్క ఆటతో తిరిగి రావడం మనకు భారమే కదా!

రేటింగ్ గురించి కూడా ఒక మాట. అమెరికాలో స్థిరపడిన ప్రొఫెసర్ అర్పాద్ ఇలో తయారుచేసిన లెక్కను ఫిడే 1970లో స్వీకరించింది. ఆ లెక్క ప్రకారం ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే, బలమైన ఆటగాడు నూరు ఆటల్లో సగటున 76 పాయింట్లు సాధిస్తాడు. అంటే బలహీనుడికి కూడా 24 మిగులుతున్నాయి. రేటింగ్ చూసి బోర్డు ముందే ఓడిపోనక్కరలేదని ఈ లెక్కే చెబుతోంది. 2024 మార్చి 1 నుంచి ఫిడే జాబితాలో అతి తక్కువ రేటింగ్ 1400. మా మిత్రుడికి ఎదురైన పెద్దాయన దానికి కొంచెం పైన ఉన్నారు. మా మిత్రుడికి రేటింగే లేదు.

ఆట మొదలు

అది అయిదవ రౌండు. ఇద్దరికీ నాలుగు ఆటల్లో రెండున్నర పాయింట్లు. మావాడికి తెల్ల పావులు వచ్చాయి. ఎదుట బ్యాంకులో పనిచేసే పెద్దాయన. కరచాలనం చేసి కూర్చున్నారు.

మొదటి ఆరు ఎత్తులు ఇవి (ముందు రాసినది తెల్లవారిది):

1. బంటు ఇ4 – బంటు ఇ5
2. గుర్రం ఎఫ్3 – గుర్రం సి6
3. శకటు సి4 – శకటు సి5
4. బంటు సి3 – గుర్రం ఎఫ్6
5. బంటు డి3 – బంటు డి6
6. ఇద్దరూ రాజును ఏనుగు చాటుకు చేర్చి కోట కట్టుకున్నారు.

దీన్ని ఇటాలియన్ ఆరంభం అంటారు. ఇందులో గారడీ ఏమీ లేదు. ఆ ఆరు ఎత్తుల్లో ఏం జరిగిందో చూడండి. మధ్య గడుల్లో బంటు నిలిచింది, గుర్రం, శకటు బయటికి వచ్చాయి, రాజు భద్రమైన చోటికి చేరాడు. మంత్రిని ఎవరూ తొందరపడి బయటికి తీయలేదు. మన వరండాలో నాలుగో ఎత్తుకే మంత్రితో ఎఫ్7 మీద ఆటకట్టు చేయాలని చూస్తాము. ఎదుటివాడికి అది తెలిస్తే మన మంత్రి వెనక్కీ ముందుకీ పరుగులు తీయడమే మిగులుతుంది. ఆ లోగా వాడి పావులన్నీ బయటికి వచ్చేస్తాయి.

మధ్య ఆట: ఒక బంటు ఎలా వచ్చింది

ఇరవై ఎత్తుల దాకా ఇద్దరూ జాగ్రత్తగా ఆడారు. మంత్రులు పోయాయి. కొన్ని బంట్లు పోయాయి. అప్పుడు ఇ5 గడిలోని నల్ల బంటు మీద తెల్లవారి గురి మూడు పావులతో ఉంది: రెండు గుర్రాలు, ఒక శకటు. కాపలా కూడా మూడే: రెండు నల్ల గుర్రాలు, ఒక ఏనుగు. మూడుకు మూడు సరిపోయింది, కాబట్టి ఆ బంటు భద్రం.

ఇరవై రెండవ ఎత్తులో పెద్దాయన కాపలా గుర్రాల్లో ఒకదాన్ని తెల్ల రాజు మీదికి దాడికి పంపారు. చూడటానికి గట్టి ఎత్తే. కాని ఆ గుర్రం వెళ్ళిపోగానే ఇ5 మీద గురి మూడు, కాపలా రెండు. మావాడు ముందు తన రాజుకు వచ్చే ప్రమాదం ఏమీ లేదని చూసుకొని, ఆ తర్వాత బంటును కొట్టాడు. ఒక బంటు లాభం.

ఇక్కడ నేర్చుకోవలసినది చిన్న మాటే. ప్రతి పావూ రెండు పనులు చేస్తుంది: ఒకచోటికి గురిపెడుతుంది, ఒకచోటును కాపాడుతుంది. ఎదుటివారు పావు కదిపినప్పుడు "ఇది ఎక్కడికి వెళ్ళింది?" అని అందరమూ చూస్తాము. "ఇది దేన్ని వదిలి వెళ్ళింది?" అని కూడా అడగాలి. మన స్థాయి ఆటల్లో ఎక్కువ పాయింట్లు ఈ రెండో ప్రశ్నలోనే దొరుకుతాయి.

అసలు ఘట్టం: నలభై ఏడవ ఎత్తు

ఒక బంటు ఎక్కువుంటే గెలిచినట్లేనా? కాదు. పెద్దాయన అనుభవంతో పావుకు పావు ఇచ్చి, బంటుకు బంటు కొట్టి, దాదాపు రెండున్నర గంటలు గడిచేసరికి బోర్డును ఖాళీ చేశారు. మిగిలినవి అయిదే పావులు. ఇప్పుడు బోర్డు మీద ఇలా పెట్టండి:

తెల్లవి: రాజు ఎఫ్5, ఏనుగు ఎ7, బంటు ఇ4.
నల్లవి: రాజు ఇ8, ఏనుగు డి6.
ఎత్తు వేయవలసినది నల్లవారు.

ఈ స్థితి నిజానికి డ్రా. నల్ల ఏనుగు ఆరవ అడ్డ వరుసలో గోడలా నిలబడింది. ఆ గోడ ఉన్నంతవరకు తెల్ల రాజు ముందుకు అడుగు పెట్టలేడు. నల్లవారు ఏనుగును ఆ వరుసలోనే బి6కు జరిపి ఊరుకుంటే చాలు. బంటు ఇ5కు వచ్చినా గోడ అలాగే ఉంటుంది. చివరికి బంటు ఇ6కు వస్తే, తెల్ల రాజు దాక్కునే చోటు పోతుంది. అప్పుడు నల్ల ఏనుగు ఒక్కసారిగా కిందికి, ఒకటవ వరుసకు దిగి వెనుకనుంచి చెక్‌లు చెబుతూ ఉంటుంది. ఈ కాపలా పద్ధతిని 18వ శతాబ్దంలోనే ఫ్రెంచి ఆటగాడు ఫిలిడార్ వివరించాడు. ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

కాని పెద్దాయన నలభై ఏడవ ఎత్తుగా ఏనుగును డి7 మీద పెట్టారు. అంటే "ఏనుగుకు ఏనుగు మార్చుకుందాం" అన్నారన్నమాట. పావులు తగ్గితే డ్రా సులువవుతుందని ఆయన ఆలోచన. చాలామంది ఆలోచన అదే.

మావాడి గడియారంలో అప్పటికి పద్నాలుగు నిమిషాలు ఉన్నాయి. వెంటనే కొట్టలేదు. ఆరు నిమిషాలు ఆలోచించాడు. ఏనుగులు పోతే మిగిలేది మూడే పావులు: రెండు రాజులు, ఒక బంటు. అది గెలుపా, డ్రానా అన్నది కొట్టక ముందే తెలియాలి. కొట్టిన తర్వాత తెలిసి ప్రయోజనం లేదు. ఎందుకంటే పోయిన ఏనుగు తిరిగి రాదు.

48. ఏనుగు డి7 మీద కొట్టింది – రాజు డి7 మీద కొట్టాడు.

ఇప్పుడు బోర్డు మీద తెల్ల రాజు ఎఫ్5, తెల్ల బంటు ఇ4, నల్ల రాజు డి7. వంతు తెల్లవారిది. తమ్ముళ్ళూ, ఇక్కడ పుస్తకం మూసి ఒక నిమిషం ఆలోచించండి. బంటును నడుపుతారా, రాజును నడుపుతారా?

బంటును ముందు నడిపితే

పదిమందిలో ఎనిమిదిమంది బంటునే నడుపుతారు. బంటు ఎనిమిదో వరుస చేరితే మంత్రి అవుతుంది కనుక పరుగెత్తించాలనిపిస్తుంది. చూద్దాము.

49. బంటు ఇ5 – రాజు ఇ7
50. బంటు ఇ6 – రాజు ఇ8
51. రాజు ఎఫ్6 – రాజు ఎఫ్8
52. బంటు ఇ7, చెక్ – రాజు ఇ8

ఇప్పుడు తెల్ల రాజు ఇ6కు వచ్చి బంటును కాపాడితే, నల్ల రాజుకు చెక్ లేదు, వెళ్ళడానికి గడీ లేదు. ఇదే స్టేల్‌మేట్, ఆట డ్రా. కాపాడకుండా పక్కకు పోతే బంటు పోతుంది, అదీ డ్రానే. రెండున్నర గంటల కష్టం అర పాయింటుతో సరి.

ఇందులో నల్లవారు కూడా ఒకచోట జాగ్రత్తగా ఉండాలి. 50వ ఎత్తులో రాజు నేరుగా వెనక్కి, ఇ8కే వెళ్ళాలి. డి8కు వెళితే ఓటమి. అప్పుడు 51. రాజు ఎఫ్6 – రాజు ఇ8. 52. బంటు ఇ7 – ఈసారి చెక్ లేదు, నల్ల రాజు డి7కు తప్పుకోక తప్పదు. 53. రాజు ఎఫ్7, తర్వాత బంటు మంత్రి అవుతుంది. ఒక్క గడి తేడాతో డ్రా ఓటమి అవుతుందన్నమాట. ఓడిపోయే వైపు ఉన్నప్పుడు ఈ "నేరుగా వెనక్కి" అన్న మాట గుర్తుంటే ఎన్నో అర పాయింట్లు దక్కుతాయి.

రాజును ముందు నడిపితే

మావాడు వేసిన ఎత్తు: 49. రాజు ఎఫ్6!

బంటు ఇ4లోనే ఉండిపోయింది. రాజు దాన్ని దాటి రెండు వరుసలు ముందుకు వెళ్ళాడు. ఆట ఇలా సాగింది:

49. రాజు ఎఫ్6 – రాజు ఇ8
50. రాజు ఇ6 – రాజు డి8
51. రాజు ఎఫ్7 – రాజు డి7
52. బంటు ఇ5 – రాజు సి7
53. బంటు ఇ6

పెద్దాయన ఇక్కడ గడియారం ఆపి చేయి చాచారు. ఇక ఇ7, ఇ8 రెండు గడులూ తెల్ల రాజు కాపలాలోనే ఉన్నాయి. బంటు మంత్రి కావడాన్ని ఎవరూ ఆపలేరు.

50వ ఎత్తును మరొకసారి చూడండి. తెల్ల రాజు ఇ6లో, నల్ల రాజు ఇ8లో, మధ్య ఒకే గడి. ఇద్దరు రాజులూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఇప్పుడు వంతు నల్లవారిది. ఇరుకు దారిలో ఎదురెదురుగా వచ్చిన ఇద్దరిలో ఒకరు పక్కకు తప్పుకోవాలి కదా! ఎవరి వంతు వస్తే వారే తప్పుకోవాలి. నల్ల రాజు డి8కు తప్పుకున్నాడు, తెల్ల రాజు రెండోవైపు ఎఫ్7కు దూరాడు. నల్ల రాజు ఎఫ్8కు తప్పుకొని ఉంటే తెల్ల రాజు డి7కు దూరేవాడు. దీన్నే చదరంగ పుస్తకాల్లో అపోజిషన్ అంటారు.

49వ ఎత్తు తర్వాత నల్ల రాజు ఇ8కు కాకుండా డి6కు వస్తే? అప్పుడు బంటు ఇ5కు వచ్చి చెక్ చెబుతుంది. రాజు డి7కు పోతే తెల్ల రాజు ఎఫ్7కు వస్తాడు, దారి తెరుచుకుంటుంది. రాజు డి5కు పోతే బంటు ఇ6కు నడుస్తుంది, ఇక దాన్ని అందుకోలేరు.

సూత్రంగా చెప్పాలంటే ఇదీ: బంటు ఇంకా నాలుగో వరుస దాటకపోతే, దానికి రెండు వరుసల ముందున్న మూడు గడుల్లో ఏదో ఒకదానిలో మన రాజు నిలబడగలిగితే గెలుపు మనదే, వంతు ఎవరిదైనా సరే. ఇ4 బంటుకు ఆ గడులు డి6, ఇ6, ఎఫ్6. మావాడు వెళ్ళింది సరిగ్గా అక్కడికే. అయితే ఒక హెచ్చరిక: అంచున ఉండే ఎ, హెచ్ వరుసల బంట్లకు ఈ సూత్రం పనిచేయదు. అక్కడ నల్ల రాజు మూలకు చేరితే చాలు, ఆట డ్రా.

ఆట అయిన తర్వాత

టోర్నమెంట్లలో ఒక మంచి అలవాటు ఉంది. ఆట అయ్యాక ఇద్దరూ పక్క గదిలో కూర్చొని, ఆడిన ఆటను మళ్ళీ పేర్చి చూసుకుంటారు. గెలిచినవాడు గర్వపడడు, ఓడినవాడు ముఖం తిప్పుకోడు. ఆ రోజు పెద్దాయనే మావాణ్ణి పిలిచారు.

"బాబూ, నేను ఏనుగు మార్చకుండా ఉంటే ఏం చేసేవాడివి?" అని అడిగారు.

"తెలియదు సార్. బంటును ముందుకు తోసి చూసేవాణ్ణి" అన్నాడు మావాడు.

ఆయన నవ్వి, ఏనుగును బి6లో పెట్టి ఫిలిడార్ గోడ అంటే ఏమిటో ఓపికగా చూపించారు. పైన మేము రాసిన ఆ కాపలా పద్ధతి మాకు అలా వచ్చినదే. తర్వాత "మరి రాజును ముందు నడపాలని నీకు ఎవరు చెప్పారు? కోచింగ్ ఎక్కడ?" అని అడిగారు.

కోచింగ్ లేదు. మా రెండు చదరంగం సెట్లలో ఒకదానిలో సగం పావులు ఎప్పుడో పోయాయి. పోయిన బంట్ల స్థానంలో సీసా మూతలు, చింతగింజలు పెట్టి ఆడేవాళ్ళము. మంచి సెట్టు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. ఆ పాత సెట్టులో మిగిలిన రాజులతో, ఒక బంటుతో మావాడు, మరొక మిత్రుడు వంతులవారీగా ఆడుకునేవారు. ఒకసారి బంటు వైపు ఒకడు, మరొకసారి ఒంటరి రాజు వైపు ఒకడు. పాత పుస్తకంలో ఒక పేజీ చూసి మొదలుపెట్టిన ఆట అది. మేమంతా పక్కన మంత్రులు, ఏనుగులతో యుద్ధాలు చేస్తుంటే వాళ్ళు మూడు పావులతో కూర్చునేవారు. టోర్నమెంటులో పాయింటు తెచ్చిపెట్టినది ఆ మూడు పావులే.

ఇలా చివరినుంచి నేర్చుకోవడం మా వసతి గృహం కనిపెట్టిన విషయమేమీ కాదు. 1921 నుంచి 1927 వరకు ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న క్యూబా ఆటగాడు కాపబ్లాంకా 1921లో రాసిన తన పాఠ్యపుస్తకాన్ని తేలికైన ముగింపులతోనే ప్రారంభించాడు. తక్కువ పావులున్నప్పుడు ఒక్కొక్క పావు బలం స్పష్టంగా కనిపిస్తుంది. ముప్ఫై రెండు పావుల మధ్య అది కనిపించదు.

ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనూ ఇదే ప్రశ్న

"ఇది చిన్నవాళ్ళ సంగతి, పెద్ద ఆటగాళ్ళకు ఇవన్నీ తెలుసు కదా" అని కొందరు అనవచ్చు. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకుందాము. చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్‌కూ, చైనాకు చెందిన అప్పటి ప్రపంచ ఛాంపియన్ డింగ్ లిరెన్‌కూ అది చివరి ఆట, పద్నాలుగవది. అప్పటికి చెరి ఆరున్నర పాయింట్లు. ఆ ఆట డ్రా వైపు నడుస్తోందని చూసేవారందరూ అనుకున్నారు. ఇద్దరికీ ఏనుగు, శకటు ఉన్నాయి. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ.

యాభై అయిదవ ఎత్తులో డింగ్ తన ఏనుగును ఎఫ్2కు జరిపి మార్పిడికి పిలిచాడు. గుకేశ్ కొట్టాడు. ఏనుగులు పోయాయి. మరుక్షణమే గుకేశ్ తన శకటును డి5 మీద పెట్టాడు. మూలన ఇరుక్కున్న డింగ్ శకటుకు తప్పించుకునే దారి లేదు. శకట్లు కూడా పోయాయి. మిగిలినవి రాజులు, బంట్లు. యాభై ఎనిమిదవ ఎత్తు తర్వాత డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. ఏడున్నర–ఆరున్నరతో పద్దెనిమిదేళ్ళ గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

మన జిల్లా టోర్నమెంటు ఆటకూ ఆ ఆటకూ స్థాయిలో నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా ఉంది. కాని ప్రశ్న ఒక్కటే: "ఈ పావులు పోయాక మిగిలే రాజులు, బంట్ల ఆట ఎవరిది?" ఆ ప్రశ్నకు జవాబు చూసుకోకుండా మార్పిడికి పిలిస్తే ఎంతటివారికైనా ప్రమాదమే.

మనం చేయగలిగినవి

మా మిత్రుడు ఆ టోర్నమెంటులో బహుమతి ఏమీ తెచ్చుకోలేదు. తర్వాతి రౌండ్లలో గెలుపూ చూశాడు, ఓటమీ చూశాడు. కాని ఆడిన ఆటలన్నింటి స్కోరుషీట్లు తెచ్చాడు. ఇప్పుడు అవి మా జట్టు నోట్‌బుక్కులో ఉన్నాయి. వెళ్ళివచ్చినవాడు ఒక్కడే అయినా, ఆ ఆటలు అందరమూ చదువుకున్నాము. బస్సు ఛార్జీ ఒకరిది, పాఠం ముప్ఫై మందిది!

అందువల్ల తమ్ముళ్ళకు మా సూచనలు ఇవి:

1. మూడు పావుల ఆట రోజుకు పది నిమిషాలు ఆడండి. రెండు వైపులా ఆడండి. బంటు వైపు గెలవడం, ఒంటరి రాజు వైపు డ్రా చేయడం రెండూ రావాలి.

2. వారానికి ఒక ఆటనైనా ముట్టుకుంటే ఆడాలన్న నియమంతో, రాసుకుంటూ ఆడండి. గడియారం లేకపోతే గోడ గడియారం చూసి ఒక్కొక్కరికి అరగంట అనుకోండి.

3. ఎదుటివారు ఎత్తు వేయగానే రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఎక్కడికి గురిపెట్టింది? ఇది దేన్ని వదిలింది?

4. మార్పిడికి ముందు బోర్డు మీద ఆ పావులు లేవనుకొని చూడండి. మిగిలినది మనకు మంచిదైతేనే కొట్టండి, పిలవండి.

5. ఓడిన ఆటను గెలిచినవారితోనే కూర్చొని చూడండి. అడిగితే ఎవరూ కాదనరు.

సెట్టులో పావులు తక్కువయ్యాయని ఆట మానవద్దు. రెండు రాజులు, ఒక బంటు మిగిలి ఉన్నంతవరకు నేర్చుకోవడానికి చాలినంత ఉంది. జట్టు నోట్‌బుక్కు స్టడీ హాలు బీరువాలో ఉంటుంది, ఎవరైనా తీసి చదువుకోవచ్చు. వచ్చే ఏడాది సంచికలో మీలో ఒకరి ఆటను వివరించే అవకాశం మాకు కలగాలని కోరుకుంటూ, ఈ ఏడాది టోర్నమెంట్లకు వెళ్ళబోయే తమ్ముళ్ళందరికీ మా శుభాకాంక్షలు తెలియజేస్తున్నాము.